ఫ్లైట్ సిమ్యులేటర్‌కు జాయ్‌స్టిక్, థ్రాటిల్ ఎంచుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఫ్లైట్ సిమ్యులేటర్లలోకి కొత్తగా వచ్చినవాళ్లు ముందుగా అడిగేది "ఏ మోడల్ కొనమంటారు?" అని. ఒక పేరు చెప్పి పంపేయడం తేలికే, కానీ దానివల్ల వాళ్లకు మేలు జరగదు. మీరు నడపాలనుకునేది ఎయిర్‌బస్ ఏ320నా, చిన్న సెస్నానా, ఎఫ్-16 యుద్ధవిమానమా, హెలికాప్టరా అన్నదాన్ని బట్టి జవాబు మారుతుంది. పైగా డబ్బా మీద రాసే బటన్ల సంఖ్య కంటే, లోపల కనపడని గింబల్ (స్టిక్ తిరిగే కీలు), స్ప్రింగులు, సెన్సర్ల మీదే మీ ఫ్లయింగ్ ఎక్కువ ఆధారపడుతుంది. కింది జవాబులన్నీ ఈ రెండు విషయాలు మనసులో పెట్టుకుని రాసినవే.

అసలు జాయ్‌స్టిక్ అవసరమా? కీబోర్డుతోనో, ఎక్స్‌బాక్స్ కంట్రోలర్‌తోనో నడపలేమా?

నడపొచ్చు. మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్‌లో ఊళ్ల మీదుగా తిరిగి చూడటానికి కంట్రోలర్ చాలు. ఇబ్బందంతా ల్యాండింగ్‌లో వస్తుంది. కీబోర్డుకు నొక్కడం, వదలడం తప్ప "కొంచెం" అనేది తెలియదు. కంట్రోలర్ మీది బొటనవేలి స్టిక్ కదిలేదే సెంటీమీటరు అటూ ఇటుగా. రన్‌వే దగ్గర ముక్కును ఒకటి రెండు డిగ్రీలు ఎత్తి అక్కడే పట్టి ఉంచాలంటే ఆ సెంటీమీటరులో ఏ పదో వంతో కదపాలి. జాయ్‌స్టిక్‌లో అదే పనికి చేతికి అయిదారు సెంటీమీటర్ల చోటు దొరుకుతుంది. తేడా అంతా ఆ చోటులోనే ఉంది.

స్టిక్, సైడ్‌స్టిక్, యోక్: మూడింట్లో నాకు ఏది?

మీరు ఎక్కువగా నడిపే విమానం కాక్‌పిట్‌లో ఏముందో చూడండి. బోయింగ్ 737లో, సెస్నా 172లో కారు స్టీరింగ్‌లా చేత్తో తిప్పే యోక్ ఉంటుంది. ఏ320లో పక్కన చిన్న సైడ్‌స్టిక్. ఫైటర్లలో ఎక్కువ భాగం కాళ్ల మధ్య స్టిక్, ఎడమచేతికి థ్రాటిల్ (ఇంజిన్ పవర్ మార్చే లివర్). దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ అకాడమీలో శిక్షణకు వాడే పిలాటస్ పీసీ-7లోనూ అంతే, కుడిచేతికి స్టిక్, ఎడమచేతికి థ్రాటిల్. చిన్న విమానాలన్నిటికీ యోక్ ఉంటుందనుకోకండి, డైమండ్ డీఏ40లో స్టిక్కే ఉంటుంది.

కొనేముందు తెలుసుకోవాల్సిన సంగతి మరొకటుంది. మన ఇంటి జాయ్‌స్టిక్‌లో ఉండేది స్ప్రింగు. ఎంత వేగంతో వెళ్తున్నా అది ఒకే బలంతో చేతిని మధ్యకు నెడుతుంది. అసలు సెస్నాలో అలా ఉండదు. వేగం పెరిగితే యోక్ బిగుస్తుంది, తగ్గితే వదులవుతుంది, ట్రిమ్ చక్రం తిప్పితే చేతిమీద బరువు పోతుంది. గాలి తాకిడి కేబుళ్ల ద్వారా చేతిదాకా వస్తుంది కాబట్టి అలా జరుగుతుంది. 1988లో సర్వీసులోకి వచ్చిన ఏ320 సంగతి వేరు. అది ఫ్లై-బై-వైర్ విమానం, అంటే స్టిక్ కదలిక కేబుళ్లతో కాక కంప్యూటర్ ద్వారా విద్యుత్ సంకేతంగా వెళ్తుంది. దాని సైడ్‌స్టిక్ కూడా స్ప్రింగు మీదే మధ్యకు వస్తుంది, రెక్కల మీది గాలి బరువు పైలట్ చేతికి తెలియదు. అంటే మామూలు ధరలో దొరికే జాయ్‌స్టిక్ కూడా ఏ320కు చాలా దగ్గరగా ఉంటుంది. హైదరాబాద్, విజయవాడ, వైజాగ్ మధ్య రోజూ చూసే ఇండిగో ఏ320లను నడపాలన్నదే మీ కోరికైతే, యోక్ మీద డబ్బు పెట్టకండి.

ఎఫ్-16 కథ ఇంకా ఆసక్తిగా ఉంటుంది. దాని సైడ్‌స్టిక్ మొదట్లో అసలు కదిలేదే కాదు, చెయ్యి పెట్టే ఒత్తిడిని మాత్రమే కొలిచేది. ఎంత నొక్కుతున్నామో చేతికి తెలియడం లేదని పైలట్లు అనడంతో తర్వాత కాస్త కదలిక పెట్టారు.

ప్రకటనల్లో హాల్ సెన్సర్ అని గొప్పగా రాస్తారు. నిజంగా అంత తేడా ఉందా?

ఉంది. నా దృష్టిలో ఎక్కువ కాలం వాడుకునే వస్తువులో ముందు చూడాల్సింది ఇదే.

చవక జాయ్‌స్టిక్‌లలో పొటెన్షియోమీటర్ ఉంటుంది. కార్బన్ పట్టీ మీద ఒక చిన్న లోహపు కొస రాసుకుంటూ తిరుగుతుంది, ఎక్కడుందో దాన్ని బట్టి వోల్టేజీ మారుతుంది. పాత రేడియోలో వాల్యూమ్ తిప్పితే గరగర వచ్చేది గుర్తుందా? ఆ వాల్యూమ్ నాబ్ లోపల ఉండేది కూడా ఇదే. పట్టీ అరిగినా, దుమ్ము చేరినా రేడియోలో గరగరగా వినిపించేది సిమ్యులేటర్‌లో ముక్కు ఉన్నట్టుండి ఎగరడంగానో, రడ్డర్ (ముక్కును పక్కలకు తిప్పే తోక పలక) దానంతట అదే కొట్టుకోవడంగానో కనిపిస్తుంది. ఎక్కువగా అరిగేది మధ్యభాగం, ఎందుకంటే చెయ్యి ఎక్కువసేపు ఉండేది అక్కడే. మనకు కచ్చితత్వం కావాల్సిందీ అక్కడే.

హాల్ సెన్సర్‌లో రాపిడి లేదు. ఎడ్విన్ హాల్ 1879లో కనిపెట్టిన ప్రభావం మీద అది పనిచేస్తుంది. కరెంటు పారే పలక పక్కకు అయస్కాంతం వస్తే పలకకు అడ్డంగా చిన్న వోల్టేజీ పుడుతుంది. స్టిక్‌కు అయస్కాంతం, బేస్‌కు సెన్సర్ బిగిస్తే ఒకదాన్నొకటి తాకకుండానే కోణం తెలుస్తుంది. తాకనిది అరగదు.

ఒక జాగ్రత్త. డబ్బా మీద హాల్ అని ఉంటే అన్ని యాక్సిస్‌లకూ (కదలిక దిశలకూ) ఉన్నట్టు కాదు. థ్రస్ట్‌మాస్టర్ టీ.16000ఎంలో ముందువెనకలకు, పక్కలకు హాల్ సెన్సరే కానీ ట్విస్ట్‌కు (రడ్డర్ కోసం పట్టును మెలితిప్పడానికి) మాత్రం పొటెన్షియోమీటర్. అది మంచి స్టిక్కే, నేను చాలామందికి చెబుతాను. ట్విస్ట్ ముందుగా పాడవుతుందని తెలిసి కొనుక్కుంటే చాలు.

10 బిట్, 16 బిట్ అంటారు. ఎక్కువ ఉంటే మంచిదేనా?

లెక్క వేసి చూడండి. 10 బిట్ అంటే మొత్తం కదలికను 1,024 మెట్లుగా చూస్తుంది. 14 బిట్ అయితే 16,384, 16 బిట్ అయితే 65,536. టీ.16000ఎం పేరులోని 16000 ఈ 14 బిట్ లెక్క నుంచే వచ్చింది. చేతికి 10 సెంటీమీటర్ల కదలిక ఉందనుకుంటే 10 బిట్‌లో ఒక్కో మెట్టు దాదాపు మిల్లీమీటరులో పదో వంతు. చెయ్యి అంతకంటే సన్నగా కదపడం కష్టం. కాబట్టి ఆ అంకె పెద్దదవుతున్నకొద్దీ స్టిక్ మెరుగవుతుందని కాదు. సెన్సర్ నిలకడగా ఉందా, కదపకుండా ఉంచినప్పుడు విలువ ఊగుతోందా అన్నదే అసలు ప్రశ్న.

గింబల్ అంటే ఏమిటి? దాని గురించి అందరూ అంతగా ఎందుకు చెబుతారు?

స్టిక్ ఏ కీలు మీద తిరుగుతుందో అదే గింబల్. ధరలో తేడా ఎక్కువగా ఇక్కడే ఉంటుంది, ఫ్లయింగ్‌లో తేడా కూడా ఇక్కడే తెలుస్తుంది.

చవక రకాల్లో గిన్నెలో బంతిలాంటి కీలు ఉండి, దాని చుట్టూ ఒక పెద్ద స్ప్రింగు ఉంటుంది. ఆ ఒక్క స్ప్రింగే అన్ని దిక్కులకూ పనిచేస్తుంది. మధ్యనుంచి ఏ వైపు కదపాలన్నా ముందు దాని పట్టు విడిపించాలి. విడిపించే క్షణంలో చెయ్యి అనుకున్నదానికంటే కొంచెం ఎక్కువ వెళ్తుంది. మామూలు ఫ్లైట్‌లో ఇది పెద్దగా తెలియదు. ట్యాంకర్ వెనక నిలబడి గాల్లో ఇంధనం నింపుకునేటప్పుడు, పక్క విమానంతో ఫార్మేషన్ పట్టినప్పుడు తెలుస్తుంది. అక్కడ చేసేవన్నీ మధ్య దగ్గర చిన్నచిన్న దిద్దుబాట్లే.

ఏ-10 యుద్ధవిమానం స్టిక్ నమూనాలో వచ్చిన థ్రస్ట్‌మాస్టర్ హోటాస్ వార్ట్‌హాగ్ పైకి బరువైన లోహం, లోపల హాల్ సెన్సర్, కానీ కీలు మాత్రం బంతి-గిన్నె పద్ధతిదే. అందుకే దాన్ని వాడేవాళ్లలో చాలామంది కీలుకు జిగురుగా ఉండే డ్యాంపింగ్ గ్రీజు రాసుకుంటారు. గ్రీజు రాశాక కదలిక బాగా నున్నబడుతుంది.

వీకేబీ, వర్పిల్ లాంటి కంపెనీల బేస్‌లలో పద్ధతి వేరు. ముందువెనకలకు ఒక ఇరుసు, పక్కలకు ఒక ఇరుసు, దేని స్ప్రింగు దానిది. ఒక చిన్న బేరింగు క్యామ్ అనే వంపు ముక్క మీద దొర్లుతుంది. మధ్యలో ఎంత పట్టు ఉండాలో ఆ వంపే నిర్ణయిస్తుంది. కొన్ని బేస్‌లలో క్యామ్ మార్చుకోవచ్చు. మధ్యలో టక్కున ఆగేది, మెత్తగా ఆగేది, మధ్య అంటూ తెలియనిది అని రకాలున్నాయి. స్ప్రింగులు కూడా బరువైనవి, తేలికవి మార్చుకోవచ్చు. ముందువెనకలకు బరువుగా, పక్కలకు తేలికగా పెట్టుకుంటే చాలా విమానాల్లో ఉండే తీరుకు దగ్గరగా వస్తుంది.

ఈ రకంలో మొదట కొనదగ్గది వీకేబీ గ్లాడియేటర్ ఎన్‌ఎక్స్‌టీ. పైన ప్లాస్టిక్కే, చూడటానికి వార్ట్‌హాగ్ అంత ఠీవిగా ఉండదు. కానీ చేతికి దొరికే అదుపు దీనిలోనే ఎక్కువని నా గట్టి అభిప్రాయం. బరువు చూసి, లోహం చూసి స్టిక్ కొనకండి.

ట్విస్ట్ రడ్డర్ సరిపోతుందా? కాళ్లతో తొక్కే రడ్డర్ పెడల్స్ కూడా కొనాలా?

ఎయిర్‌బస్‌కు, ఆధునిక జెట్‌లకు ట్విస్ట్‌తో గడిచిపోతుంది, వాటిలో రడ్డర్ పని ఎక్కువగా కంప్యూటరే చూసుకుంటుంది. సెస్నాతో పక్కగాలిలో దిగేటప్పుడు ఇబ్బంది. ఎడమనుంచి గాలి కొడుతుంటే స్టిక్ ఎడమకు వంచి, రడ్డర్ కుడికి ఇవ్వాలి. ట్విస్ట్ స్టిక్‌లో అంటే మణికట్టును ఒకవైపు వంచుతూ, రెండోవైపు తిప్పుతూ, అదే చేత్తో ముక్కు కూడా ఎత్తాలి. మూడు పనులూ ఒక మణికట్టు మీద పడితే ఒకటి రెండోదాంట్లోకి జారిపోతుంది.

రెండో ప్రపంచ యుద్ధపు విమానాలు, తోకచక్రం ఉన్నవి, హెలికాప్టర్లు నడిపేవాళ్లకు పెడల్స్ తప్పవనే చెబుతాను. వార్ట్‌హాగ్ కొనాలనుకునేవాళ్లు ఇంకొకటి గమనించాలి. దానికి ట్విస్ట్ లేదు. స్టిక్ ధరకు పెడల్స్ ధర కూడా కలుపుకుని లెక్క చూసుకోండి. పెడల్స్ వచ్చాక, మీ స్టిక్‌కు ట్విస్ట్ లాక్ ఉంటే వేసేయండి.

థ్రాటిల్ డిజైన్లలో తేడాలేమిటి?

నాలుగు రకాలు కనిపిస్తాయి.

మొదటిది స్టిక్ బేస్ మీదే ఉండే చిన్న స్లయిడర్. లాజిటెక్ ఎక్స్‌ట్రీమ్ 3డీ ప్రోలో, టీ.16000ఎంలో ఇదే. పవర్ పెంచడం తగ్గించడం అవుతుంది, అంతకుమించి ఆశించకూడదు. అప్రోచ్‌లో (రన్‌వే వైపు దిగుతూ వచ్చేటప్పుడు) వేగాన్ని రెండు మూడు నాట్ల (విమాన వేగపు కొలత) తేడాలో పట్టి ఉంచడానికి దాని ప్రయాణం చాలదు.

రెండోది పట్టాల మీద ముందుకూ వెనక్కూ జారే థ్రాటిల్. థ్రస్ట్‌మాస్టర్ టీడబ్ల్యూసీఎస్ ఇలాంటిదే. ప్రయాణం పొడుగ్గా ఉంటుంది, బల్ల మీద చెయ్యి ఆన్చి జరపొచ్చు, ఎంత బిగువుగా జరగాలో సర్దుకోవచ్చు. వేళ్ల కింద రడ్డర్‌కు వాడుకునే ప్యాడిల్ కూడా ఉంటుంది కాబట్టి, పెడల్స్ లేనివాళ్లకు మణికట్టు తిప్పే శ్రమ తప్పుతుంది. పట్టాల మీద గ్రీజు ఎండితే మాత్రం జరిగేటప్పుడు పట్టిపట్టి ఆగుతుంది. తుడిచి కొత్త గ్రీజు రాయాలి.

మూడోది కింద ఇరుసు మీద ఊగే లివర్, ఫైటర్ థ్రాటిల్. వార్ట్‌హాగ్, వర్పిల్, విన్‌వింగ్ ఓరియన్ ఈ దారిలోవి. సాధారణంగా రెండు ఇంజిన్లకు రెండు లివర్లుంటాయి. పట్టు మీద నాలుగు దిక్కులకూ నొక్కే హ్యాట్ స్విచ్చులు, బేస్ మీద టాగుల్ స్విచ్చులు. హోటాస్ అంటేనే చేతులు స్టిక్ మీద, థ్రాటిల్ మీదనుంచి తీయకుండా రాడార్, ఆయుధాలు, రేడియో అన్నీ వాడటం. డీసీఎస్ వరల్డ్ అనే యుద్ధవిమానాల సిమ్యులేటర్‌లో జెట్ నడిపేవాళ్లకు ఈ స్విచ్చులు నిజంగా పనికొస్తాయి. వీఆర్ హెడ్‌సెట్ పెట్టుకునేవాళ్లకైతే ఇంకా ఎక్కువ, కీబోర్డు కనపడదు కదా.

నాలుగోది క్వాడ్రంట్. పక్కపక్కనే చాలా లివర్లు. హనీకోంబ్ బ్రావోలో ఆరు లివర్లు, గేరు లివరు, ఫ్లాప్స్, ట్రిమ్ చక్రం, ఆటోపైలట్ బటన్లు ఉంటాయి. లివర్ల పిడులు మార్చి పిస్టన్ విమానానికి థ్రాటిల్, ప్రొపెల్లర్, మిక్స్చర్ (ఇంధనం-గాలి పాళ్లు) లివర్లుగానూ, జెట్‌కు ఇంజిన్ లివర్లుగానూ పెట్టుకోవచ్చు. అన్ని రకాల సివిల్ విమానాలూ నడిపేవాళ్లకు దీనికి మించింది నాకు కనపడలేదు. ఫైటర్లకు మాత్రం ఇది పనికిరాదు, పట్టు మీద బటన్లు చాలవు.

ఏ రకమైనా సరే, ఫ్రిక్షన్ (లివర్ జరిగే బిగువు) సర్దుకునే వీలుందా అని చూడండి. లివర్ మరీ వదులుగా ఉంటే చెయ్యి తగిలి జరిగిపోతుంది. మరీ బిగువుగా ఉంటే చిన్న మార్పు చేయబోతే గెంతుతుంది.

డిటెంట్ ఎందుకు?

లివర్ ఒకచోట తగిలి ఆగినట్టు అనిపించడమే డిటెంట్. జెట్ ఫైటర్‌లో మిలిటరీ పవర్ (మామూలు గరిష్ఠ పవర్) దాటి, అదనపు ఇంధనం మండించే ఆఫ్టర్‌బర్నర్‌లోకి వెళ్లామా లేదా అన్నది కళ్లతో చూడకుండా చేతికి తెలియాలి, ఎందుకంటే అది దాటితే ఇంధనం ఖర్చు ఒక్కసారిగా పెరుగుతుంది. ఏ-10కు ఆఫ్టర్‌బర్నరే లేదు కాబట్టి దాన్ని మాత్రమే నడిపేవాళ్లకు ఆ మెట్టు అక్కర్లేదు, ఐడిల్ (కనిష్ఠ పవర్) దగ్గరిది చాలు. రకరకాల విమానాలు నడుపుతుంటే డిటెంట్ తీసిపెట్టుకునే వీలున్న థ్రాటిల్ తీసుకోండి.

ఎయిర్‌బస్‌కు, బోయింగ్‌కు ఒకే థ్రాటిల్ వాడొచ్చా?

వాడొచ్చు. కానీ రెండింటి ఆలోచనే వేరని తెలిసి ఉండాలి. ఏ320లో టేకాఫ్‌కు లివర్లను టోగాకో (పూర్తి పవర్), ఫ్లెక్స్‌కో (కొంత తగ్గించిన పవర్) తోస్తారు, తర్వాత క్లైంబ్ డిటెంట్‌కు తెచ్చి వదిలేస్తారు. అక్కడినుంచి ఆటోథ్రస్ట్ పవర్ పెంచినా తగ్గించినా లివర్లు కదలవు. దిగేటప్పుడు 20 అడుగుల దగ్గర "రిటార్డ్" అని గొంతు వినిపించాక వెనక్కు లాగుతారు. అంటే ఫ్లైట్ అంతట్లో లివర్ నిలిచే చోట్లు నాలుగైదే. థ్రస్ట్‌మాస్టర్ టీసీఏ క్వాడ్రంట్ ఈ చోట్లన్నిటికీ డిటెంట్లు పెట్టి వచ్చింది. ఏ320కు అది చాలు, ఖరీదైనది కొన్నా అంతకంటే నిజంగా అనిపించదు.

737లో ఆటోథ్రాటిల్ పనిచేసేటప్పుడు లివర్లు వాటంతట అవే కదులుతాయి. మోటారు లేని మన లివర్లు కదలవు. ఆటోథ్రాటిల్ 60 శాతం దగ్గర ఉంచింది, మీ లివర్ 90 దగ్గర ఉండిపోయింది అనుకుందాం. దాన్ని ఆపేయగానే ఇంజిన్లు ఒక్కసారి పైకి లేస్తాయి, అప్రోచ్ అంతా చెడిపోతుంది. ఆపేముందు తెర మీది లివర్ ఎక్కడుందో చూసి మీ లివర్‌ను దానికి సరిగ్గా తెచ్చుకోవడం అలవాటు చేసుకోండి.

హెలికాప్టర్ నడపాలని ఉంది. ఇవే సరిపోతాయా?

మొదలుపెట్టడానికి సరిపోతాయి. ఎక్కువగా వేధించేది మధ్యకు లాగే స్ప్రింగు. గాల్లో నిలబడి ఉండాలంటే సైక్లిక్‌ను (హెలికాప్టర్ స్టిక్‌ను) మధ్యకు కొంచెం పక్కగా పట్టి ఉంచాలి, స్ప్రింగు ప్రతిక్షణం దాన్ని మధ్యకు తోస్తుంటుంది, అయిదు నిమిషాల్లో ముంజేయి నొప్పెడుతుంది. స్ప్రింగు తీసేసి క్లచ్ బిగించుకునే వీలున్న బేస్ ఉంటే పట్టినచోటే నిలుస్తుంది. లేకపోతే సిమ్యులేటర్‌లోని ట్రిమ్ బటన్ వాడండి.

థ్రాటిల్‌ను కలెక్టివ్‌గా (హెలికాప్టర్‌ను పైకి లేపే లివర్‌గా) వాడేటప్పుడు తికమక ఉంటుంది. అసలు కలెక్టివ్ పైకి లాగితే హెలికాప్టర్ లేస్తుంది, థ్రాటిల్ ముందుకు తోస్తే పవర్ పెరుగుతుంది. లాగడం అంటే లేవడం అని చేతికి అలవాటు కావాలంటే యాక్సిస్‌ను తిరగేసి పెట్టండి. విమానాలు, హెలికాప్టర్లు రెండూ నడుపుతుంటే ఏదో ఒక పద్ధతికి కట్టుబడి ఉండండి.

స్పేస్ గేములకు రెండు స్టిక్‌లు పెట్టుకుంటారు, ఎందుకు?

అంతరిక్షనౌక పైకి, కిందికి, పక్కలకు కూడా జరుగుతుంది. ఎలైట్ డేంజరస్, స్టార్ సిటిజన్‌లో ఆ కదలికలన్నీ ఎడమచేతి స్టిక్ మీద పెట్టుకుంటే తేలిక. విమానాలే నడిపేవాళ్లకు దీంతో పని లేదు.

ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ మీద ఖర్చు పెట్టొచ్చా?

ఇందాక చెప్పిన స్ప్రింగు లోటు తీర్చేది ఇదే. లోపలి మోటార్లు వేగాన్ని బట్టి బరువు పెంచుతాయి, ట్రిమ్ చేస్తే మధ్యస్థానమే జరుగుతుంది, స్టాల్ (రెక్కలు విమానాన్ని మోయలేని స్థితి) ముందు వణుకు తెలుస్తుంది. ఒకప్పుడు మైక్రోసాఫ్ట్ సైడ్‌వైండర్ ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ 2 ఈ పని చేసేది. మైక్రోసాఫ్ట్ ఆ వ్యాపారం వదిలేసిన ఇన్నేళ్ల తర్వాత కూడా దాన్ని బాగుచేయించుకుని వాడుతున్నవాళ్లున్నారు. ఇప్పుడు మోజా ఏబీ9, వీపీఫోర్స్ రైనో లాంటి కొత్త బేస్‌లు వచ్చాయి, ధర మాత్రం మామూలు స్టిక్‌కు ఎన్నో రెట్లు. స్పిట్‌ఫైర్, సెస్నా, హెలికాప్టర్లు ప్రాణంగా నడిపేవాళ్లకు ఆ డబ్బుకు తగ్గ ఆనందం దక్కుతుంది. ఏ320 వాళ్లకు, ఎఫ్-16 వాళ్లకు దాదాపు అవసరమే లేదు, ఆ అసలు విమానాల్లోనే అది లేదు కాబట్టి.

స్టిక్‌కు ఎక్స్‌టెన్షన్ (పొడవు పెంచే కడ్డీ) పెడితే ఏం లాభం?

స్టిక్ వంగే కోణం మారదు, చెయ్యి తిరిగే దూరం పెరుగుతుంది. కీలు నుంచి చేతికి 15 సెంటీమీటర్లుంటే 20 డిగ్రీల వంపుకు చెయ్యి దాదాపు 5 సెంటీమీటర్లు కదులుతుంది. 20 సెంటీమీటర్ల ఎక్స్‌టెన్షన్ చేరిస్తే అదే వంపుకు 12 సెంటీమీటర్లు. మెల్లగా, సన్నగా దిద్దుకునే వీలు రెండింతలకు పైగా పెరుగుతుందన్నమాట. దానికి తగ్గట్టే స్ప్రింగు తేలికగా అనిపిస్తుంది, బరువైన స్ప్రింగు వేసుకోవాలి. బేస్‌ను కాళ్ల మధ్య కుర్చీకో, చట్రానికో గట్టిగా బిగించకపోతే ఎక్స్‌టెన్షన్ కొనకండి.

బల్ల మీద పెడితే చాలదా? మౌంట్ ఎందుకు?

బరువైన స్ప్రింగు ఉన్న స్టిక్‌ను గట్టిగా లాగితే బేస్ లేచి వస్తుంది. దాంతో మీకు తెలియకుండానే మెల్లగా లాగడం అలవాటవుతుంది. పైగా బల్ల ఎత్తు వల్ల భుజం పైకి ఎత్తి కూర్చోవాల్సి వస్తుంది, గంటలో మెడ పట్టేస్తుంది. మోచెయ్యి తొంభై డిగ్రీల దగ్గర వంగి, ముంజేయి ఆనే ఎత్తులో పట్టు ఉండాలి. కంపెనీ మౌంట్ల ధర చూసి వెనక్కు తగ్గాల్సిన పని లేదు. మీ వీధి కార్పెంటర్‌తో 18 ఎంఎం ప్లైవుడ్ ముక్క కోయించి, బేస్ కింది స్క్రూ రంధ్రాలకు బిగించి, హార్డ్‌వేర్ షాపులో దొరికే సీ-క్లాంపులతో కుర్చీకో బల్లకో పట్టిస్తే గట్టిగా నిలుస్తుంది.

నాది ఎడమచేతివాటం. నాకు దొరుకుతాయా?

టీ.16000ఎం, టీసీఏ సైడ్‌స్టిక్ రెండు చేతులకూ మార్చుకోవచ్చు. గ్లాడియేటర్‌లో ఎడమచేతికే చేసిన రకం ఉంది. ఒక మాట, ఏ320 కెప్టెన్ ఎడమ సీట్లో కూర్చుని ఎడమచేత్తోనే సైడ్‌స్టిక్ పడతాడు, కుడిచేత్తో లివర్లు. కుడిచేతివాటం ఉన్నవాళ్లు కూడా కెప్టెన్ సీటు అనుభవం కోసం ఎడమచేత్తో నేర్చుకుంటారు, కొద్ది రోజుల్లో వచ్చేస్తుంది.

మా బాబుకు పదేళ్లు. వాడికేది కొనాలి?

బేస్ మీద స్లయిడర్, ట్విస్ట్ ఉన్న చిన్న స్టిక్ ఒకటి చాలు. చిన్న చేతులకు బరువైన స్ప్రింగు, పెద్ద పట్టు కష్టం. ఎక్స్‌బాక్స్‌లో ఆడేటట్టయితే దాని మీద పనిచేస్తుందని డబ్బా మీద రాసి ఉందో లేదో తప్పక చూడండి, పీసీవి అన్నీ పనిచేయవు. మొదట శంషాబాద్‌లో దింపడం నేర్పించండి. 4,260 మీటర్ల రన్‌వే, తప్పు దిద్దుకోవడానికి చాలా చోటుంటుంది.

డెడ్‌జోన్, కర్వ్ ఎంత పెట్టాలి?

హాల్ సెన్సర్ ఉంటే డెడ్‌జోన్ సున్నాతో మొదలుపెట్టండి. స్టిక్ వదిలేసినా విమానం ఒకవైపు లాగుతుంటే ఒకటి రెండు శాతం పెంచండి. పెద్ద డెడ్‌జోన్ అంటే మధ్యలో కొంత దూరం మీ చెయ్యి కదిలినా విమానానికి తెలియదు, ల్యాండింగ్‌లో అది ప్రమాదం. పొట్టి స్టిక్‌కు కొంచెం కర్వ్ (మధ్య దగ్గర స్పందన తగ్గించే సెట్టింగ్) పెట్టుకుంటే మధ్య మెత్తబడుతుంది. ఎక్స్‌టెన్షన్ ఉంటే కర్వ్ అక్కర్లేదు. థ్రాటిల్‌కు కర్వ్ పెట్టకండి.

కొత్త థ్రాటిల్ పెట్టాక విమానం పిచ్చిగా తిరుగుతోంది. పాడైందా?

చాలాసార్లు పాడవదు. డీసీఎస్ కొత్తగా పెట్టిన ప్రతి పరికరానికీ తనంతట తాను పిచ్ (ముక్కు ఎత్తడం, దించడం), రోల్ (పక్కలకు వంచడం) యాక్సిస్‌లు అంటగడుతుంది. థ్రాటిల్ జరిపితే ముక్కు లేవడానికి కారణం అదే. కంట్రోల్స్ పేజీలో థ్రాటిల్ కాలమ్‌లోని అక్కర్లేని యాక్సిస్‌లు తీసేయండి. మైక్రోసాఫ్ట్ సిమ్యులేటర్‌లోనూ ఒకే పనికి రెండు పరికరాలు తగులుకున్నాయేమో చూడాలి. ఒక కంపెనీ స్టిక్, ఇంకో కంపెనీ థ్రాటిల్ కలిపి వాడటంలో పీసీలో ఇబ్బందేమీ లేదు.

మధ్యమధ్యలో డిస్‌కనెక్ట్ అవుతుంటే విండోస్ డివైస్ మేనేజర్‌లో ఆ యూఎస్‌బీకి పవర్ సేవింగ్ ఆపేయండి. పరికరాలు ఎక్కువైతే సొంత అడాప్టర్ ఉన్న హబ్ వాడండి.

దుమ్ము నుంచి ఎలా కాపాడుకోవాలి?

వాడనప్పుడు గుడ్డ కప్పండి. మన ఎండాకాలం దుమ్ముకు ఇది చిన్న పనే అయినా చాలా కాపాడుతుంది. పొటెన్షియోమీటర్ గెంతుతుంటే ఎలక్ట్రానిక్స్ షాపులో దొరికే కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, అటు చివరినుంచి ఇటు చివరికి చాలాసార్లు తిప్పితే కొన్నాళ్లు బాగవుతుంది. పట్టీ అరిగిపోయి ఉంటే క్లీనర్‌తో లాభం లేదు, ఆ భాగం మార్చాల్సిందే. గింబల్‌కు కొబ్బరినూనె, మిషన్ ఆయిల్ లాంటివి వేయకండి, దుమ్ము పట్టి ముద్దవుతుంది.

బడ్జెట్ తక్కువ. ఏ వరుసలో కొనుక్కోవాలి?

ముందు ట్విస్ట్ ఉన్న మంచి స్టిక్. దాన్ని గట్టిగా బిగించుకునే ఏర్పాటు. ఆ తర్వాతే దారులు చీలతాయి. ఎయిర్‌లైనర్లు, జెట్ ఫైటర్లు అయితే థ్రాటిల్ ముందు. హెలికాప్టర్లు, పాత యుద్ధ విమానాలు అయితే పెడల్స్ ముందు. స్టిక్, థ్రాటిల్ కలిపి అమ్మే చవక సెట్ కంటే, అదే డబ్బుకు వచ్చే ఒక మంచి స్టిక్ ఎక్కువ కాలం తోడుంటుంది. మీకు ఏ విమానం నచ్చుతుందో ఇంకా తేలకపోతే ఫ్లైట్‌గేర్ పూర్తిగా ఉచితం, డీసీఎస్ వరల్డ్ కూడా రెండు విమానాలతో ఉచితంగా దొరుకుతుంది. అవి ఆడి చూసి తేల్చుకోండి.

సెకండ్‌హ్యాండ్‌లో కొంటే ఏం చూడాలి?

లాప్‌టాప్ తీసుకెళ్లండి. విండోస్‌లో యూఎస్‌బీ గేమ్ కంట్రోలర్ల సెటప్ విండో తెరిచి, ప్రతి యాక్సిస్‌నూ చాలా మెల్లగా ఒక చివరినుంచి ఇంకో చివరికి కదపండి. గీత సాఫీగా పాకాలి, గెంతకూడదు. స్టిక్‌ను నాలుగు వైపులనుంచీ మెల్లగా వదిలి చూడండి. ప్రతిసారీ ఒకేచోటికి రావాలి. ట్విస్ట్‌ను విడిగా, మధ్య దగ్గర చిన్నచిన్నగా తిప్పి చూడండి, ముందు పాడయ్యేది అదే. హ్యాట్ స్విచ్చులను నాలుగు దిక్కులకూ నొక్కండి. పట్టును పూర్తిగా అటూఇటూ వంచుతూ ఒక బటన్ నొక్కి ఉంచండి. మధ్యలో వదిలినట్టు చూపిస్తే లోపలి వైరు తెగుతోందని అర్థం. థ్రాటిల్ రెండు చివరలకూ వెళ్లినప్పుడు విలువ పూర్తిగా సున్నాకు, పూర్తిగా నూటికి చేరాలి. రెండు లివర్లున్నదైతే రెండింటి బిగువూ ఒకేలా ఉండాలి, వేరుగా ఉంటే ఫ్రిక్షన్ స్క్రూ తిప్పి సరవుతుందేమో అక్కడే చూడండి. సరికాకపోతే బేరం అక్కడే ఆపేయండి.